శిల్పి, శిష్యుడు, యంత్రం

(రామ్ వంజీ సుతార్ స్మృతిలో గ్రేటర్ నోయిడాలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

 

శిల్పి రామ్ వంజీ సుతార్ గారు తెలుగువారు కారు. మహారాష్ట్రలో ధూళే జిల్లా గోందూరులో 1925 ఫిబ్రవరి 19న పుట్టారు. 2025 డిసెంబర్ 17 రాత్రి, నూరేళ్లు నిండాక, మన పక్కనే ఉన్న నోయిడాలో కన్నుమూశారు. ఆయన్ను తెలుగువాళ్లు సభ పెట్టుకుని తలచుకోవడానికి కారణం హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిలబడి ఉంది. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని రూపొందించింది ఆయనా, ఆయన కుమారుడు అనిల్ సుతార్ గారూ. 50 అడుగుల పీఠం, లోపల ఉక్కు చట్రం, పైన కంచు తొడుగు. ఆ తొడుగు భాగాలను ఈ ఢిల్లీ ప్రాంతంలోనే పోతపోసి అక్కడికి తరలించారు.

ఆ విగ్రహం పాదాల దగ్గర నుంచి చెరువు వైపు చూస్తే నీటి మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా సంకల్పించిన 58 అడుగుల ఏకశిలా విగ్రహం అది. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన తెల్ల గ్రానైటు రాతిని ఎస్.ఎం.గణపతి స్థపతి గారి నేతృత్వంలో వందల చేతులు కొన్నేళ్లపాటు చెక్కాయి. 1990 మార్చి 10న తెప్ప మీద చెరువు దాటిస్తుండగా విగ్రహం నీట మునిగింది, ప్రాణాలు పోయాయి. 1992 డిసెంబర్ 1న పైకి తీసి నిలబెట్టారు.

ఒకే చెరువు, రెండు మహావిగ్రహాలు. వాటి మధ్య మూడు దశాబ్దాల ఎడం. ఒకటి రాతి నుంచి రూపాన్ని బయటికి తీసే పద్ధతిలో వచ్చింది, రెండోది చిన్న నమూనాను పెంచి, భాగాలుగా పోతపోసి, చట్రానికి బిగించే పద్ధతిలో వచ్చింది. ఈ రెండో పద్ధతిలోకే ఇవాళ స్కానరు, కంప్యూటరు తెర, త్రీడీ ప్రింటరు అడుగుపెట్టాయి. మట్టి పిసికిన చేతులు స్టైలస్ పట్టుకుంటున్నాయి. ఎందుకు పట్టుకుంటున్నాయి, పట్టుకున్నాక మన శిల్పశాలలకు ఏమవుతుంది అన్నదే నా ఉపన్యాస విషయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డిజిటల్ శిల్పం వల్ల పెద్ద శిల్పికి పెద్దగా నష్టం లేదు. ఆయనకు లాభమే ఎక్కువ. యంత్రం తీసుకుపోతున్నది శిష్యుడి పనిని. కొలవడం, పెంచడం, ముతకగా చెక్కడం, నునుపు చేయడం వంటి ఆ కింది పనులే వందల ఏళ్లుగా మన దేశంలో శిల్ప విద్యాలయం. ఆ విద్యాలయం మూతపడితే ఇప్పటి గురువుల తరువాత గురువులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు మనం ఇంకా జవాబు వెతకడం మొదలుపెట్టలేదు.

సుతార్ గారి జీవితాన్నే చూద్దాం. వడ్రంగి పని చేసే కుటుంబంలో పుట్టారు. శ్రీరామ్ కృష్ణ జోషి అనే గురువు ఆయన చేతిలోని విద్యను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు దారి చూపారు. బంగారు పతకంతో బయటికొచ్చిన ఆ యువకుడు తన సొంత పేరుతో విగ్రహాలు చేయడానికి తొందరపడలేదు. 1954 నుంచి 1958 వరకు పురావస్తు శాఖలో చేరి అజంతా, ఎల్లోరాలలో దెబ్బతిన్న శిల్పాలను బాగుచేశారు. ఆ పని ఎలాంటిదో ఒక్క క్షణం ఊహించండి. చేయి విరిగిన ఒక మూర్తి ఎదుట ఉంటుంది. వెయ్యేళ్ల కిందటి శిల్పి ఆ మోచేతిని ఎక్కడ వంచి ఉంటాడో, మణికట్టు దగ్గర ఎంత సన్నబరిచి ఉంటాడో, మిగిలిన భుజాన్ని బట్టి తేల్చాలి. మన ఇష్టానికి తావు లేదు. ఇంకొకరి చేతిలోకి మన చేతిని దూర్చడమే ఆ విద్య. నాలుగేళ్లు ఆ సేవ చేశాకే ఢిల్లీకి వచ్చారు. తరువాత గాంధీసాగర్ ఆనకట్ట దగ్గర 45 అడుగుల చంబల్ మాత, పార్లమెంటు ఆవరణలో ధ్యానముద్రలో కూర్చున్న గాంధీజీ, చివరికి నర్మదా తీరంలో 182 మీటర్ల సర్దార్ పటేల్. ఈ మహావిగ్రహాల వెనక అజంతా, ఎల్లోరాలలో పేరు లేకుండా గడిపిన నాలుగేళ్లున్నాయి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్లాలి.

పెద్ద శిల్పం ఏ కాలంలోనూ ఒక్కరి పని కాదు. మహాబలిపురంలో సగంలో ఆగిపోయిన రథాలను చూసినవారికి తెలుసు, బండను ముందు చదరాలుగా గీసి, గీతల వెంట కాలవలు తొలిచి, మధ్యలో మిగిలిన దిమ్మలను పగలగొట్టేవారు. ఆ ముతక పనికి ఒక జట్టు, రూపం తేలాక మరో జట్టు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో, ఇనుముకు లొంగని నల్లరాతి మీద అద్దంలాంటి మెరుగు తేల్చడానికి ఎన్ని చేతులు అరిగాయో ఏ శాసనమూ చెప్పదు. స్తంభాల మీది సన్నని రంధ్రాల్లోంచి దారం దూరేటంత సున్నితంగా పనిచేసిన వారి పేర్లు మనకు దక్కలేదు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనం గర్వపడ్డాం. ఆ గర్వంలో పేరులేని చేతుల వాటా పెద్దది.

ఆ చేతులన్నీ ఒకే రూపాన్ని చెక్కగలగడానికి ఆధారం తాళమానం. మూర్తి ముఖం పొడవు ఒక తాళం, దానిలో 12 అంగుళాలు. నవతాళ మూర్తి 108 అంగుళాలు, ఉత్తమ దశతాళ మూర్తి 124 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది గీత కాదు, ఆ మూర్తి సొంత దేహంలోని భాగం. అందువల్ల ఒకే లెక్కతో అరచేతిలో పట్టే పంచలోహ విగ్రహమూ చేయవచ్చు, అరవై అడుగుల రాతి విగ్రహమూ చేయవచ్చు. పరిమాణంతో నిమిత్తం లేకుండా రూపాన్ని నిష్పత్తులుగా మనసులో నిలుపుకునే విద్య ఇది. తెర మీది శిల్పాన్ని ఒక్క మీటతో పదింతలు చేయడం చూసి మన స్థపతులు బిత్తరపోకపోవడానికి ఇదే మూలకారణమని నా నమ్మకం. ఆ ఊహ వారికి కొత్తది కాదు. చేతికి కొత్త, అంతే.

యూరపులో ఈ కథ మరో దారిన నడిచింది. అక్కడ కొలతను యంత్రానికి అప్పగించే ప్రయత్నం రెండు శతాబ్దాలకు పైగా సాగింది. శిల్పి కనోవా మట్టిలో రూపాన్ని చేసి, దాన్ని ప్లాస్టరులో పోయించి, ఆ ప్లాస్టరు మీద చిన్న లోహపు మేకులు దిగ్గొట్టించేవాడు. సహాయకులు బిందుమాపక పరికరంతో ఆ మేకుల దూరాలను చలువరాతిలోకి దింపేవారు. చివరి మెరుగు మాత్రం ఆయనదే. ఆ మేకులున్న ప్లాస్టరు నమూనాలు ఆయన పుట్టిన పొసాన్యో ఊరి మ్యూజియంలో నేటికీ చూడవచ్చు. రోడాన్ కాలానికి రూపాన్ని పెంచే, తగ్గించే యంత్రాలు వచ్చాయి. ఆయన ప్రసిద్ధ శిల్పం ‘థింకర్’ను పెద్ద పరిమాణంలోకి మార్చింది ఆన్రీ లెబొసే అనే నిపుణుడు. న్యూయార్కు రేవులో 1886లో నిలిచిన స్వేచ్ఛా ప్రతిమను బార్తోల్ది అంచెలంచెలుగా పెంచుకుంటూ వెళ్లి, చివరికి కొయ్య అచ్చుల మీద రాగి రేకులను సాగగొట్టించాడు.

కనుక శిల్పి ఊహకూ తుది పరిమాణానికీ మధ్య మరొకరి చేయో యంత్రమో ఉండటం కంప్యూటరుతో వచ్చిన వింత కాదు. డిజిటల్ పద్ధతిని మోసమనీ, అసలు కళ కాదనీ తోసిపుచ్చేవారు ఈ చరిత్రను గమనించాలి. కనోవాను శిల్పి కాదనగలిగినవారే స్కానరు వాడిన శిల్పిని కాదనాలి.

పటేల్ విగ్రహంలో ఈ రెండు దారులూ కలిశాయి. సుతార్ గారు మొదట చిన్న నమూనా చేశారు, తరువాత దాన్ని 18 అడుగులకు, 30 అడుగులకు పెంచారు. ఆ 30 అడుగుల రూపాన్ని త్రీడీ స్కానింగ్ చేశాక అది అంకెల గుంపుగా మారింది. ఆ అంకెల నుంచి వేల కంచు పలకలు చైనాలో పోతపోసుకుని వచ్చాయి. ఎల్ అండ్ టీ ఇంజనీర్లు వాటిని నిలబెట్టారు. పంచె కట్టు కింద పాదాలు, చెప్పులు విడిగా కనిపించేలా రూపొందించడంతో పైన భారీగానూ, కింద సన్నగానూ ఉండే ఆకారం వచ్చింది. ఇంజనీరుకు అది అన్నిటికన్నా కష్టమైన నిలువు. గాలికి ఊగకుండా లోపల ఒక్కొక్కటి 250 టన్నుల బరువున్న రెండు ప్రకంపన నిరోధకాలు అమర్చారు. 2018 అక్టోబర్ 31న ఆవిష్కరణ నాటికి సుతార్ గారికి 93 ఏళ్లు. ఆ వయసులో అంతటి పరిమాణాన్ని అందుకోవడం పెంచే పనిని అంకెలకు అప్పగించడం వల్లే సాధ్యపడింది. అయితే ఆ అంకెలు 30 అడుగుల నమూనా చేత్తో, చూపుతో సిద్ధమయ్యాకే పుట్టాయి. ఈ వరస మరచిపోకూడదు.

మన తెలుగు ప్రాంతంలోనూ అదే. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజ విగ్రహానికి రూపం ఇచ్చింది డి.ఎన్.వి.ప్రసాద్ స్థపతి. లోహ నిర్మాణం చేసింది నాన్‌జింగ్‌లోని ఏరోసన్ కార్పొరేషన్. అదే ఏడాది మార్చి 28న పునఃప్రారంభమైన యాదగిరిగుట్ట ఆలయానికి సినిమా కళాదర్శకుడు ఆనంద్ సాయి రూపకల్పన చేశారు, కృష్ణశిలలో చెక్కింది వందలాది శిల్పులు. తెర మీద గీసేవారూ, రాతిలో చెక్కేవారూ ఒకే ప్రాంగణంలో పనిచేసే కాలం ఇప్పటికే వచ్చేసింది.

ఇక ఈ ఆకర్షణ సంగతి. సంప్రదాయ శిల్పి తెర వైపు ఎందుకు మొగ్గుతున్నాడు? డబ్బు ఒక్కటే కారణమనుకుంటే ఆయన్ను తక్కువ చేసినట్టే.

మొదటిది, తెర మీది పదార్థం మట్టిలా ప్రవర్తిస్తుంది. 1999లో తొలిసారి ప్రదర్శించి, ఆ తరువాత కొద్ది ఏళ్లకే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాల జీవుల రూపకల్పనకు వాడిన జీబ్రష్‌లో గానీ, ఉచితంగా దొరికే బ్లెండర్‌లో గానీ శిల్పి చేసే పని గీతలు గీయడం కాదు. నొక్కుతాడు, లాగుతాడు, గిల్లుతాడు, నిమురుతాడు. ఇంజనీరింగ్ డ్రాయింగు కంప్యూటర్లు వచ్చినప్పుడు శిల్పులు దూరంగా ఉండిపోయారు, ఎందుకంటే అవి కొలతలతో మొదలయ్యేవి. ఈ కొత్త పరికరాలు ముద్దతో మొదలవుతాయి. వేళ్లకు తెలిసిన క్రియలే స్టైలస్ కొనకు వచ్చాయి.

రెండోది శరీరం. మన ఆళ్లగడ్డ, దుర్గి శిల్పుల పనితావుల్లో గ్రైండరు తిరుగుతుంటే లేచే తెల్లని దుమ్మును చూసినవారికి ఆ వృత్తిలో ఊపిరితిత్తులు ఎలా అరిగిపోతాయో చెప్పనక్కర్లేదు. రాతి దుమ్ములోని సిలికా మనిషిని నెమ్మదిగా చంపుతుంది. యాభై దాటిన శిల్పికి భుజం ఎత్తడం కష్టమవుతుంది, చూపు మందగిస్తుంది. తెర మీద ముఖాన్ని పెద్దది చేసుకుని కనురెప్ప అంచును సరిదిద్దుకోగలిగితే ఆయన పని కాలం ఇంకో పదిహేనేళ్లు పెరుగుతుంది. దీన్ని సోమరితనమనే హక్కు, ఉలి పట్టని మనకు లేదు.

మూడోది, పని ఇచ్చేవారి తొందర. నాయకుల విగ్రహాలకు గడువు జయంతి నాడో వర్ధంతి నాడో ఉంటుంది. కుటుంబ సభ్యులు వస్తారు, గడ్డం ఇంకాస్త పొడుగంటారు. కమిటీ వస్తుంది, కళ్లజోడు మార్చమంటుంది. 18 అడుగుల మట్టి తలలో గడ్డం మార్చడమంటే లోపలి ఇనుప చట్రాన్ని కదిలించాలి. పైగా ఇక్కడి మే, జూన్ ఎండల్లో మట్టి నమూనా బీటలు వారకుండా రాత్రింబవళ్లు తడిగుడ్డలు కప్పుతూ ఉండాలి. తెర మీద అదే మార్పు ఒక పూట పని. నచ్చకపోతే నిన్నటి రూపానికి తిరిగి వెళ్లవచ్చు. రాతిశిల్పి జీవితమంతా వెనక్కి తీసుకోలేని దెబ్బల మధ్యనే గడిచింది. అతనికి ఈ వెసులుబాటు ఎంత విముక్తిగా తోస్తుందో మనం అర్థం చేసుకోవాలి.

మరొకటి కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఎత్తైన విగ్రహాన్ని కింది నుంచి చూసేవారికి తల చిన్నదిగా, కాళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. అందుకే అనుభవం ఉన్న శిల్పి పై భాగాన్ని కొలత కంటే కొంచెం పెంచి, ముఖాన్ని కాస్త ముందుకు వంచుతాడు. ఇంతకాలం ఈ లెక్క అంచనా మీద నడిచింది, విగ్రహం లేచాక గాని నిజం తెలిసేది కాదు. తెర మీద నేల మీది మనిషి చూపును ముందే పెట్టి చూసుకోవచ్చు. ఊళ్లలో మెడ లేని నాయకుల విగ్రహాలను చూసి బాధపడ్డ వాళ్లలో నేనొకణ్ణి. ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా ఈ సాధనాన్ని నేను స్వాగతిస్తాను.

యువతరానికి ఇంకో ఆకర్షణ ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్ప శాఖా, యానిమేషన్ శాఖా ఒకే సంస్థలో ఉన్నాయి. శిల్పం చదివిన విద్యార్థికి గుడి పని దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది, సినిమా గ్రాఫిక్స్‌లో, వీడియో గేముల్లో పాత్రలు మలిచే ఉద్యోగం నెలజీతంతో దొరుకుతుంది. ‘బాహుబలి’ తరువాత హైదరాబాద్ గ్రాఫిక్స్ సంస్థల పేరు దేశమంతా పాకింది. ఇక్కడ నోయిడాలోనూ అలాంటి స్టూడియోలున్నాయి. మన ఊళ్లోని ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో ఏటా రెండుసార్లు జరిగే హస్తకళల ఎగుమతి ప్రదర్శనకు మొరాదాబాద్ ఇత్తడి, సహారన్‌పూర్ చెక్క వస్తాయి. విదేశీ కొనుగోలుదారు ముందు నమూనా త్వరగా పెట్టగలిగినవాడికే ఆర్డరు. నమూనా మలిచే కళాకారుడు కంప్యూటరు వైపు తిరగక ఏం చేస్తాడు?

ఇంతవరకు నేను ఈ మార్పు పక్షానే మాట్లాడాను. మనస్ఫూర్తిగానే మాట్లాడాను. ఇప్పుడు రెండో పక్షం.

పాత శిల్పశాలలో పెంచే పని ఎలా జరిగేదో విద్యార్థులకు వివరించాలి. చిన్న నమూనా చుట్టూ ఒక చట్రం, పెద్ద విగ్రహం చుట్టూ అదే నిష్పత్తిలో మరో చట్రం. పై నుంచి లంబసూత్రాలు వేలాడతాయి. శిష్యుడు కంపాసుతో చిన్న నమూనా మీద ఒక బిందువు దూరం కొలిచి, దాన్ని ఐదింతలో పదింతలో చేసి, పెద్దదాని మీద మేకు పాతుతాడు. చెంప ఎముక దగ్గర వందసార్లు కొలుస్తాడు. ముక్కు పక్కన గుంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతని చేతికి తెలుస్తుంది. మొదటి ఏడాది అతను కొలుస్తున్నాననుకుంటాడు. మూడో ఏడాదికి, కొలవకముందే ఆ మేకు ఎక్కడ పడుతుందో చెప్పగలుగుతాడు. గురువు ఒక్క పాఠమూ చెప్పకుండానే శిష్యుడు రూపాన్ని కంఠస్థం చేస్తాడు. జీతం తక్కువ, మాట పడాల్సి రావడం ఎక్కువ, పేరు అసలే లేదు. ఆ వ్యవస్థలో అన్యాయం ఉంది, దాన్ని నేను తీపి జ్ఞాపకంగా మార్చదలచుకోలేదు. అయినా ఆ విసుగు పుట్టించే పనిలోనే విద్య ఉంది.

స్కానరు ఈ మూడేళ్లను కొన్ని గంటల్లో ముగిస్తుంది. మరచేయి థర్మాకోల్ దిమ్మను చెక్కేస్తుంది, ప్రింటరు ముక్కలుగా పోస్తుంది. పైన పల్చగా మట్టి పూసి తుది మెరుగు దిద్దడానికి గురువు కావాలి. ఆ మధ్య దశకే ఇప్పుడు ఎవరూ అక్కర్లేదు. శిష్యుడు నిలబడే చోటు అదే.

తెర మీదే నేర్చుకోవచ్చు కదా అని మీలో కొందరు అడుగుతారు. కొంత నేర్చుకోవచ్చు. 1999లో స్టాన్‌ఫర్డ్ బృందం ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో ‘డేవిడ్’ను స్కాన్ చేసినప్పుడు ఉలి గాట్లు కూడా తెర మీదికి వచ్చాయి. రామప్ప మదనికలనూ, అమరావతి ఫలకాలనూ అదే శ్రద్ధతో స్కాన్ చేసి తిరుపతిలో దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప విద్యాసంస్థ విద్యార్థుల ముందు పెడితే, గోడకు ఆనుకుని ఎవరికీ కనపడని వెనక భాగాన్ని కూడా తిప్పి చూస్తారు. అది గొప్ప పాఠశాలే అవుతుంది. దాన్ని నేను ఒప్పుకుంటాను.

కాని తెర మీది బొమ్మకు బరువు లేదు. అది గాలిలో నిలుస్తుంది. ఒంటికాలి మీద ఎంతసేపైనా ఉంటుంది. మట్టి ముద్ద కుంగిపోయి, చట్రం ఒరిగి, రాత్రికి రాత్రే నెల పని నేలపాలైనప్పుడు శిష్యుడికి భూమ్యాకర్షణ అంటే ఏమిటో తెలుస్తుంది. దేహంలో బరువు ఏ కాలి మీదికి వెళ్తుందో, తుంటి ఎటు జరుగుతుందో అతను తెలుసుకునేది అప్పుడే. పటేల్ విగ్రహంలో పాదాలను విడిగా నిలిపిన ధైర్యం, నిలబడటమంటే ఏమిటో చేతులతో తెలిసిన మనిషికే వస్తుంది.

మరో ప్రమాదం ముఖాల ఏకరూపత. తెర మీద సిద్ధంగా దొరికే తల మూసలుంటాయి, ఒక సగం చేస్తే రెండో సగాన్ని అద్దంలో చూపినట్టు దానంతట అదే నింపే సదుపాయముంది. మనిషి ముఖం రెండు వైపులా ఒకేలా ఉండదు. ఒక కన్ను కొంచెం కిందికి, ఒక పెదవి కొస కొంచెం పైకి. పోలిక ఉండేది ఆ తేడాలోనే. నాయకుల విగ్రహాలు జిల్లా జిల్లాకూ ఒకే బొమ్మలా కనిపించే రోజు దూరంలో లేదు. కొత్తపేట, తెనాలి శిల్పుల చేతి పనితనాన్ని ఇంతవరకు చూడగానే గుర్తుపట్టేవాళ్లం. ఆ గుర్తింపు చెరిగిపోకూడదు.

దీనికి ఎదురుగా ఒక తెలుగు రాయి కథ చెబుతాను. ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర పందిరి కింద 2022 సెప్టెంబర్ 8న ఆవిష్కరించిన నేతాజీ విగ్రహం ఖమ్మం నుంచి వచ్చిన 280 టన్నుల ఏకశిల. 140 చక్రాల వాహనం మీద 1665 కిలోమీటర్లు ప్రయాణించింది. అరుణ్ యోగిరాజ్ నాయకత్వంలోని శిల్పుల బృందం 26,000 పనిగంటలు చెక్కాక 28 అడుగుల విగ్రహం మిగిలింది, బరువు 65 టన్నులు. అంటే 215 టన్నులు చిప్పలై రాలిపోయింది. ఆ చిప్పల్లో ఒక్కదాన్ని కూడా తిరిగి అతికించే అవకాశం లేదు. ఈ దేశ రాజధానిలో, ఈ దశాబ్దంలో, అంత పెద్ద రాతిని చేత్తో చెక్కే జట్టు ఇంకా ఉన్నదన్నమాట. ఆ జట్టులోని కుర్రవాళ్లు ఇవాళ శిష్యులు, ఇరవై ఏళ్ల తరువాత గురువులు. అలాంటి పనులు ఉన్నంతకాలమే అలాంటి జట్లుంటాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. విగ్రహం ఒకసారి అంకెలుగా మారాక ఆ అంకెల యజమాని ఎవరు? కంచు విగ్రహాన్ని దొంగిలించడం కష్టం, ఫైలును నకలు తీయడం క్షణం పని. మన 1957 కాపీరైటు చట్టం శిల్పాన్ని కళాకృతిగా గుర్తించింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీయడానికీ, బొమ్మ గీయడానికీ అనుమతించింది. దాని నుంచి మరో శిల్పాన్ని అచ్చుదించే అనుమతి ఆ మినహాయింపులో లేదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేసినందుకు అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కృతి మీద కర్తకుండే నైతిక హక్కును నిలబెట్టి, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇమ్మనీ, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమనీ తీర్పు చెప్పింది. దశాబ్దాల పోరాటం తరువాత వచ్చిన ఆ తీర్పు ప్రతి శిల్పికీ కవచం. అయితే మన చిన్న ఊళ్ల శిల్పులు ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి గుత్తేదారు చేతికి ఇచ్చేస్తున్నారు. ఒప్పందంలో దాని ఊసే ఉండదు. ఒక్క విగ్రహానికి కూలి తీసుకుని, వంద విగ్రహాల రూపాన్ని ధారపోస్తున్నామని వారికి చెప్పేవారు లేరు.

అందువల్ల ఈ సభ నుంచి నేను కోరేవి ఆచరణకు సంబంధించినవి. విద్యార్థులారా, జీబ్రష్ నేర్చుకోండి, బ్లెండర్ నేర్చుకోండి, ఎవరేమన్నా సంకోచించకండి. కాని దానికి ముందు రెండేళ్లు మట్టిలో ఉండండి. ఒక్క తలనైనా కంపాసు పట్టి, బిందువు బిందువూ కొలిచి, ఐదింతలు చేయండి. శిల్ప విద్యాసంస్థలు ఈ అభ్యాసాన్ని పాఠ్యక్రమంలో తప్పనిసరి చేయాలి, కంప్యూటరు గదిని దాని పక్కనే పెట్టాలి. మహావిగ్రహాల మట్టి, ప్లాస్టరు నమూనాలను పని ముగిశాక పగలగొట్టి పారేయకుండా పొసాన్యోలో చేసినట్టు ఒక చోట భద్రపరచాలి. సుతార్ గారు ఏడు దశాబ్దాల్లో చేసిన నమూనాలకు ఈ నోయిడా ప్రాంతంలోనే అలాంటి మ్యూజియం రావాలి, తెలుగు శిల్పుల నమూనాలకు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ రావాలి.

అన్నిటికంటే ముఖ్యంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు ఒక విన్నపం. ప్రజాధనంతో విగ్రహానికి టెండరు పిలిచేటప్పుడు మూడు షరతులు చేర్చండి. పని జరిగినంతకాలం నిర్ణీత సంఖ్యలో శిష్యులను జీతమిచ్చి శిల్పశాలలో ఉంచాలి. త్రీడీ ఫైలు మీద హక్కు శిల్పికే ఉండాలి. పీఠం మీది ఫలకంలో ఆవిష్కరించిన నాయకుల పేర్ల కింద శిల్పి పేరూ, పనిచేసిన శిష్యులందరి పేర్లూ చెక్కాలి. ఈ విన్నపాన్ని లిఖితపూర్వకంగా తయారుచేసి రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలకు పంపే బాధ్యతను ఈ సభ నిర్వాహకులు తీసుకోవాలనీ, ఇక్కడున్నవారంతా దాని మీద సంతకం చేయాలనీ ప్రార్థిస్తున్నాను.